డల్లాసు ఎంత దూరము?

మిరపకోతలు ముగియు దినములలో గుంటూరు, ప్రకాశము సీమల పల్లెలలో ఏ కల్లము వద్ద నిలిచినను ఒక ప్రశ్న చెవిని పడును. ఎండబోసిన కాయలలో తాలుకాయలు ఏరుచున్న ఒక తల్లి, అమెరికానుండి సెలవుపై వచ్చిన పొరుగింటి యువకుని పిలిచి, "అబ్బాయీ, మావాడుండు ఊరు ఇక్కడికి ఎంత దూరమురా?" అని అడుగును. "పదునాలుగు వేల అయిదువందల కిలోమీటర్లు, పిన్నీ" అని అతడు చెప్పును. ఆ సంఖ్యతో ఆమెకు తృప్తి కలుగదు. "అది కాదురా, ఎన్ని గంటలలో వచ్చి వాకిట నిలువగలడు?" అని మరల అడుగును. అతడు కొంచెము తడబడి, "ఒక రోజు పట్టునులే" అని తప్పించుకొనును.

ఆ తల్లి మొదటి ప్రశ్నకంటె రెండవ ప్రశ్నయే గొప్పదని నా అభిప్రాయము. పాఠశాలలలో మేము మొదటిదానికి మాత్రమే సమాధానము నేర్పుచున్నాము. రెండవదానిని వదలివేసితిమి. అది చిన్న లోపము కాదు.

మన తాతలు ఈ పొరపాటు చేయలేదు. పల్నాటినుండి గుంటూరుకు పత్తిబండ్లను, మిరపబండ్లను తోలినవారు దారిని ఆమడలలో చెప్పుకొన్నను, మనస్సులో లెక్కించుకొన్నది మాత్రము పూటలనే. సందెవేళ బండి కట్టినచో తెల్లవాఱునప్పటికి ఏ చెఱువుగట్టు చేరుదుమో, ఎడ్లకు మేత ఎక్కడ వేయవలెనో, నీరు ఎక్కడ పట్టవలెనో వారికి తెలిసియుండెను. వాన కురిసి నల్లరేగడి నేల బురదయైనపుడు ఆ దారియే రెండింతల పూటలు పట్టెడిది. ఆమడలు పెరుగలేదు, దూరము పెరిగినది. ఈ మాట వినుటకు వింతగా నుండును గాని, ఆకాశమార్గమునకు కూడ ఇదియే వర్తించును.

మీ పాఠశాలలో గ్లోబు ఉన్నచో ఒక దారమును తెచ్చుకొనుడు. దారపు ఒక కొనను గుంటూరుపై, రెండవ కొనను అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసుపై ఉంచి బిగించి పట్టుడు. డల్లాసును ఎన్నుకొనుటకు కారణము కలదు. మన జిల్లాలనుండి పోయిన కుటుంబములు ఎన్నియో ఆ నగరములోను, దాని చుట్టునున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు మొదలగు పట్టణములలోను స్థిరపడినవి. ఇప్పుడు దారము ఎటు పోవుచున్నదో చూడుడు. పడమరగా అరేబియా సముద్రము మీదుగా పోవునని మీరనుకొనియుందురు. అది అట్లు పోదు. నిలువుగా ఉత్తరమునకు పోవును. మన గన్నవరము విమానాశ్రయము ఇంచుమించు 81 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. డల్లాసు విమానాశ్రయము 97 డిగ్రీల పడమటి రేఖాంశమున నున్నది. రెండింటిని కూడినచో 178 అగును. అది 180 అయియుండినచో ఆ రెండు రేఖాంశములును ధ్రువమునకు ఈవల ఒకటి, ఆవల ఒకటిగా ఒకే వలయమై యుండెడివి. రెండు డిగ్రీలే తక్కువ గనుక, దారము హిమాలయములను, టిబెట్టును, సైబీరియాను దాటి, ఉత్తర ధ్రువమునకు సుమారు 250 కిలోమీటర్ల చేరువగా సాగి, కెనడాలోని విన్నిపెగ్గు సమీపముగా దిగి డల్లాసు చేరును. ఆ దారి పొడవు సుమారు 14,500 కిలోమీటర్లు. కల్లము వద్ద యువకుడు చెప్పిన సంఖ్య ఇదియే.

ఇక గోడకు వ్రేలాడు ప్రపంచపటముపై బద్ద పెట్టి ఈ రెండు ఊళ్ళ నడుమ గీత గీయుడు. ఆ గీత అరేబియా సముద్రము, ఆఫ్రికా ఖండము, అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా పోవును. చూచుటకు అది తిన్ననైనదే. కాని మెర్కేటరు అను పండితుడు 1569వ సంవత్సరమున ప్రకటించిన రీతి పటముపై గీచిన ఆ తిన్నని గీతను అనుసరించి ఎగిరినచో ప్రయాణము దాదాపు 18,000 కిలోమీటర్లగును. అది ఓడ నడుపువానికి దిక్కు తప్పకుండుటకై ఏర్పడిన పటము; దూరములు సరిపోల్చుటకు ఏర్పడినది కాదు. బత్తాయిపండు తొక్కను బల్లపై చదునుగా పఱచినచో అంచులు చినుగుట మీరెఱుగుదురు. పటము గీయువాడు ఆ చినుగులు కనబడకుండ తొక్కను సాగదీసి అతికించును. ఆ సాగదీతయే మనలను మోసగించును.

ఐనను, గ్లోబుపై దారము చూపిన దారిని విమానములు ఇచ్చవచ్చినట్లు పోజాలవు. విమానములోని గాలి ఒత్తిడి హఠాత్తుగా తగ్గినచో, ప్రయాణికులు ఊపిరి పీల్చుటకు వీలుగా అది సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమియే సగటున 4,500 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ దిగుటకు చోటేది? ధ్రువప్రాంతపు చలి మఱియొక చిక్కు. విమానములలో విరివిగా వాడు ఇంధనము సున్నకు దిగువ 47 డిగ్రీల సమీపమున గడ్డకట్టును. ఆపద వచ్చినపుడు దిగుటకు తగిన విమానాశ్రయములు ఆ మంచుసీమలో బహుకొద్ది. కనుక ధ్రువమార్గమునకు ప్రత్యేకమైన ఏర్పాట్లును, అనుభవముగల పైలట్లును కావలెను.

2021వ సంవత్సరము జనవరిలో ఎయిర్ ఇండియా విమానమొకటి శాన్ ఫ్రాన్సిస్కో నగరమునుండి ఉత్తర ధ్రువప్రాంతము మీదుగా బెంగుళూరునకు సుమారు 17 గంటలలో వచ్చి చేరెను. దానిని నడిపినవారందఱును స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాలు నాయకత్వము వహింపగా, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఆమెకు తోడుగా నుండిరి. ఆ రెండు ఊళ్ళ నడిమి దూరము ఇంచుమించు 14,000 కిలోమీటర్లు. మన డల్లాసు లెక్కకు కొంచెము తక్కువ. ఈ సంగతిని నా తరగతిలో చెప్పినపుడు, వెనుక బల్లపై కూర్చుండు ఆడపిల్లలు ముందునకు వంగి వినుట గమనించితిని.

దూరము ఎక్కువైనను కాలము తక్కువ పట్టు చిత్రము కూడ ఒకటి కలదు. భూమికి సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమరనుండి తూర్పునకు ప్రచండమైన గాలి ప్రవాహములు వీచుచుండును. విమానములు సంచరించు ఎత్తు ఇంచుమించు అదియే. ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవు ఎయిర్ ఇండియా విమానము మొదట పడమరగా, అట్లాంటిక్ సముద్రము మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిన పోవుచుండెను. అనగా గాలికి ఎదురీత. 2016 అక్టోబరులో ఆ సంస్థ విమానమును తూర్పుగా, పసిఫిక్ సముద్రము మీదుగా పంపెను. దారి సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగినది. కాని ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసినది. పూర్వముకంటె దాదాపు రెండు గంటలు తగ్గినది! కృష్ణలో పడవ నడుపువానికి ఈ మాట చెప్పినచో ఆశ్చర్యపడడు. నీటివాలున ఆమడ, ఎదురు నీటిలో ఆమడ ఒకటి కావని అతనికి తెలియును.

దారిని గాలియే కాదు, రాజ్యములును మార్చును. 2025 ఏప్రిలు నెలలో పాకిస్తాను తన ఆకాశమును భారతీయ విమానములకు మూసివేసినపుడు, ఢిల్లీనుండి పడమరకు పోవు మన విమానములు దక్షిణముగా చుట్టు తిరుగవలసి వచ్చెను. అమెరికా పోవునవి కొన్ని నడుమ ఐరోపాలో దిగి ఇంధనము నింపుకొనవలసి వచ్చెను. ఢిల్లీ జరుగలేదు, అమెరికా జరుగలేదు, నడుమ గంటలు పెరిగినవి.

వీటన్నిటికంటె చిత్రమైనది గడియారము చేయు మాయ. మన గడియారము లండను సమీపమందలి గ్రీనిచ్ కాలమునకు అయిదున్నర గంటలు ముందు. డల్లాసు గడియారము చలికాలమున దానికి ఆఱు గంటలు వెనుక. నడుమ పదునొకండున్నర గంటల భేదము. హైదరాబాదులో ఉదయము 4 గంటలకు బయలుదేరి, సరిగా 24 గంటలు ప్రయాణము చేసి డల్లాసులో దిగినవానికి అక్కడి గోడగడియారము అదే దినము సాయంకాలము 4-30 గంటలు చూపును. టిక్కెట్టుపైనున్న రెండు వేళలను చూచి తీసివేత చేసినవానికి పన్నెండున్నర గంటలే వచ్చును. తిరుగు ప్రయాణమున ఆ 24 గంటలే ముప్పదియైదున్నర గంటలుగా కనబడును. ఈ లెక్కను తరగతిలో ఇచ్చినపుడు మొదటిమాఱు సరిగా చేసినవారు నలుగురే. నేనును నల్లబల్లపై ఒకమాఱు తప్పు వేసి తుడిచితిని.

నల్లబల్లపై తప్పు తుడుపుగుడ్డతో పోవును. ఒక ఇంట అట్లు పోకుండుటను నేను చూచితిని.

కొన్నేండ్ల క్రిందట ఫిబ్రవరి నెలలో, చిలకలూరిపేట ప్రాంతమందలి ఒక పల్లెలో, ఒక పెద్దరైతు ఆదివారము రాత్రి కన్నుమూసెను. ఆయన ఒక్కగానొక్క కుమారుడు డల్లాసులో ఉద్యోగి. వార్త చేరునప్పటికి అక్కడ ఆదివారము పగలు. అతని అదృష్టమో ఏమో, ఆ సాయంకాలపు విమానములోనే చోటు దొరికినది. "ఆఱు గంటలకు విమానమెక్కుచున్నాను. ఆకాశమున పందొమ్మిది గంటలు" అని ఫోనులో చెప్పెను. ఇంటిలో చదువుకొన్న పిల్లవాడొకడు లెక్కవేసెను. అక్కడ సాయంకాలము ఆఱనగా మనకు సోమవారము ఉదయము అయిదున్నర. దానికి పందొమ్మిది గంటలు కూడినచో సోమవారము అర్ధరాత్రి దాటి అరగంట. గడియారముల భేదమును కూడ వాడు తప్పక లెక్కకు తెచ్చెను. తెల్లవాఱునప్పటికి బిడ్డ ఇల్లు చేరునని తలచి, పెద్దలు మంగళవారము ఉదయము ఎనిమిది గంటలకు దహనము నిశ్చయించిరి.

కుమారుని ప్రయాణము ఎట్లు జరిగినదో తరువాత అతడే నాకు చెప్పెను. ఇల్లు విడిచి విమానాశ్రయము చేరి, తనిఖీలు ముగించుకొని విమానము కదలువఱకు నాలుగు గంటలు. గల్ఫు దేశమువఱకు పదునాలుగున్నర గంటలు. అక్కడ హైదరాబాదు విమానముకొఱకు వేచియుండుట అయిదు గంటలు. హైదరాబాదునకు నాలుగు గంటలు. పాస్‌పోర్టు తనిఖీకి, సామాను వచ్చుటకు గంటన్నర. అక్కడినుండి కారులో పల్లెకు అయిదున్నర గంటలు. ఆకాశమున పదునెనిమిదిన్నర గంటలు; నేలపై పదునాఱు గంటలు! మొత్తము ముప్పదినాలుగున్నర గంటలు. ఇంటివారు మంగళవారము పది గంటలవఱకు వీధివైపు చూచుచుండిరి. ఇక ఆగరాదని పెద్దలనిరి. చిన్నాన్న కుమారుడు తలకొఱివి పెట్టెను. మధ్యాహ్నము పన్నెండు గంటలకు కారు దిగిన కొడుకునకు, చెఱువులో స్నానములు చేసి తడిబట్టలతో తిరిగి వచ్చుచున్న బంధువులు ఎదురైరి.

ఎవరిని నిందింతుము? ఏ విమానమును ఆలస్యము కాలేదు. అన్నియు చెప్పిన వేళకే నడచినవి. లెక్కలో నేల విడువబడినది, అంతియే. ఆ లెక్క వేసిన పిల్లవాడు నా వద్ద చదువుకొన్నవాడు. అక్షాంశములు, రేఖాంశములు వానికి నేను నేర్పితిని. ఆ పదునాఱు గంటలను నేర్పలేదు.

ప్రపంచము చిన్నదైనదని వక్తలు సభలలో చెప్పుదురు. ఆకాశము మట్టుకు అది నిజమే. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా తపాలా విమానమును కరాచీనుండి బొంబాయికి నడిపినపుడు, నడుమ అహమ్మదాబాదులో దానికి కావలసిన ఇంధనము ఎడ్లబండిపై వచ్చెనని చెప్పుదురు. 1948 జూన్ 8వ తేదీన బొంబాయి విడిచిన ఎయిర్ ఇండియా వారి తొలి లండను విమానము కైరో, జెనీవాలలో ఆగి 10వ తేదీన లండను చేరెను. తరువాత జెట్ విమానములు వచ్చి ఆ కాలమును ఎంతగానో తగ్గించినవి. కాని ఆ తగ్గుదల ఎప్పుడో ఆగినది. 1950-60 నడుమ వచ్చిన జెట్ విమానములును, నేటివియు గంటకు ఇంచుమించు 900 కిలోమీటర్ల వేగముననే పోవుచున్నవి. ఆకాశమున ఇక పిండుకొనగలిగినది స్వల్పము.

గన్నవరమునుండి అమెరికాకు నేరుగా విమానము కావలెనని మన ప్రాంతమున కొందఱు కోరుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనిక స్థావరముగా ఏర్పడిన ఆ విమానాశ్రయమునకు 2017లో అంతర్జాతీయ హోదా లభించినది గనుక ఈ కోరిక సహజమే. నేరు విమానము వచ్చినచో నేనును సంతోషింతును. నడుమ వేచియుండు బాధ తప్పును. వృద్ధులైన తల్లిదండ్రులు తెలియని దేశమున ద్వారములు వెదకుకొను అవస్థ తప్పును. కాని మన మొదటి కోరిక అది కారాదని నా వాదము.

లెక్క చూడుడు. హైదరాబాదునుండి డల్లాసునకు దారము పట్టి కొలిచిన దూరము సుమారు 14,400 కిలోమీటర్లు. గల్ఫులోని దోహా మీదుగా పోయినచో 2,900, ఆపై 12,700. అనగా సుమారు 15,600 కిలోమీటర్లు. చుట్టుదారి వలన పెరిగినది 1,200 కిలోమీటర్లు. విమానమునకు అది ఒక గంట ఇరువది నిమిషముల పని. ఆ కుమారుడు నేలపై పోగొట్టుకొన్న పదునాఱు గంటల యెదుట ఇది ఎంత?

అంత దూరము ఒక్క ఊపున పోవు విమానమునకు ఇంకొక కష్టము కలదు. ఎడ్లకు మేతనంతయు బండిమీదనే వేసికొని పోవలసిన ప్రయాణమును తలంచుకొనుడు. దారి పెరిగినకొలది గడ్డి పెరుగును. గడ్డి పెరిగినకొలది బండి బరువెక్కును. బండి బరువెక్కినకొలది ఎడ్లు మఱింత మేత కోరును. తుదకు మిరప టిక్కీలకు చోటు తగ్గును. విమానమునకును ఇంధనముతో అదే చిక్కు. అందువలన అట్టి విమానము ప్రతిదినము నిండుగా పోయిననే గాని నిలువదు. మొదట ఒకటి రెండు నెలలు నడిచి, తరువాత ఆగిపోవు విమానముకంటె, నిత్యము నడచు చిన్న ఏర్పాటు మేలు.

ఆ చిన్న ఏర్పాటు ఏది? గుంటూరునుండి గన్నవరము సుమారు 55 కిలోమీటర్లే. ఒంగోలునుండి మూడింతలు దూరము. మార్కాపురమునుండి ఇంచుమించు 200 కిలోమీటర్లు. దూరదేశ విమానములు బయలుదేరు పెద్ద విమానాశ్రయములకు గన్నవరమునుండి చిన్న విమానములు ఆ వేళలకు పొసగునట్లు, గంటన్నర, రెండు గంటలకంటె వేచియుండ నవసరము లేకుండ నడుపవచ్చును. సామాను గన్నవరముననే అప్పగించి డల్లాసులోనే తీసికొనునట్లు అన్ని టిక్కెట్లకు ఏర్పాటు చేయవచ్చును. ఆ విమానపు వేళకు సరిపోవునట్లు మార్కాపురము, నరసరావుపేట, ఒంగోలునుండి రాత్రి బస్సులు నడుపవచ్చును. వీటికి కొత్త విమానములు కనిపెట్ట నక్కఱలేదు. ముగ్గురు నలుగురు అధికారులు ఒక బల్లచుట్టు కూర్చుండి, ఒకరి వేళాపట్టికను ఒకరు చూచుకొన్న చాలును. వారట్లు కూర్చుండుట ధ్రువమును దాటుటకంటె కష్టమని ఒక మిత్రుడు నాతో ననెను. ఆ మాట నేనంగీకరింపను. అడుగువారు లేకపోవుటచేత వారు కూర్చుండలేదనియే నా నమ్మకము.

ఇప్పుడు నా తరగతిలో ఈ లెక్కను వేఱుగా ఇచ్చుచున్నాను. "గన్నవరమునుండి డల్లాసు ఎంత దూరము?" అని అడుగను. "మీ ఇంటి గడపనుండి డల్లాసులోని మీ వారి ఇంటి గడపకు ఎన్ని గంటలు?" అని అడుగుదును. పిల్లలు ఇంటికి పోయి, అక్కలను, బావలను, మేనమామలను అడిగి వత్తురు. ఒకరి లెక్క ఇరువదియెనిమిది గంటలు, ఒకరిది నలువదియొకటి. ఏ ఇద్దఱి సమాధానమును ఒకటి కాదు. ఐనను అన్నియు సరియైనవే.

ఆ పెద్దరైతు భార్య నేటికిని ఆ పల్లెలోనే యున్నది. కొడుకు రమ్మన్నను చేను విడిచి పోనన్నది. ఆమె ఇంట ఒకే గడియారము కలదు. చలికాలమున దానికి అరగంట కలిపి, పగలును రాత్రిగాను, రాత్రిని పగలుగాను తలచినచో డల్లాసు వేళ తెలియునని ఆమె తనంతట తాను కనుగొన్నది. మార్చి నెలలో రెండవ ఆదివారమున అమెరికావారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు. ఆ దినమునుండి నవంబరు మొదటి ఆదివారమువఱకు ఆమె ఒకటిన్నర గంట కలుపుకొనును.